ఒక పిప్పి పన్ను ఖరీదు ఎంత?

ఈ రోజు పొద్దున లేవగానే మీరేం చేశారు? పళ్ళు తోముకుని ఉంటారు. (తోముకోకపోతే ముందు ఆ పని కానిచ్చి రండి. ఈ వ్యాసం ఎక్కడికీ పోదు.) రెండు నిమిషాల్లో అయిపోయే ఆ చిన్న పనికి ఏమేం కావలసి వచ్చాయో ఒకసారి లెక్క వేద్దామా?

ముందుగా బ్రష్షు. దాని పిడి ప్లాస్టిక్కు, కుచ్చు నైలాను. రెండూ భూమి లోతుల్లోంచి తోడిన పెట్రోలియం నుంచి పుట్టినవే. నైలాను కుచ్చు బ్రష్షులు మొట్టమొదట 1938లో అమెరికాలో బజారులోకి వచ్చాయి. అంతకు ముందు పంది వెంట్రుకలతో బ్రష్షులు చేసేవారు. మీరు ముఖం చిట్లిస్తున్నారని తెలుసు. కాని పంది వెంట్రుక కొన్నాళ్ళకి మట్టిలో కలిసిపోతుంది. నైలాను కలవదు.

బ్రష్షు కుచ్చు మూడు నాలుగు నెలల్లో వంకర్లు పోతుంది. అంటే ఏడాదికి నాలుగు బ్రష్షులన్నమాట. మీ తరగతిలో 40 మంది ఉంటే ఏడాదికి 160. మీరంతా ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా కలిసే చదివితే 1,600. ఒక్కొక్క బ్రష్షు 15 గ్రాములు తూగుతుందనుకోండి. మొత్తం 24 కిలోల ప్లాస్టిక్కు. ఒక్క తరగతికి!

తరవాత పేస్టు ట్యూబు. ఖాళీ అయిన పాత ట్యూబును నిలువుగా కత్తిరించి చూడండి. చాలా ట్యూబుల్లో ప్లాస్టిక్కు పొరల మధ్య పలచని అల్యూమినియం రేకు అతికించి ఉంటుంది. ప్లాస్టిక్కు ఒక్కటే ఉంటే కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. అల్యూమినియం ఒక్కటే ఉన్నా అంతే. రెండింటినీ కలిపి అతికించాక విడదియ్యటం చచ్చే చావు. అందుకని అటువంటి ట్యూబులు చాలావరకు చెత్తకుప్పలకే చేరతాయి.

ఇక నీళ్ళు. దీనికి చిన్న ప్రయోగం చెయ్యండి. మీ ఇంట్లో కుళాయి ఉంటే, తోముకునేటప్పుడు ఎంత తిప్పుతారో అంతే తిప్పి దాని కింద బకెట్టు పెట్టండి. రెండు నిమిషాల తరవాత బకెట్టులో ఎంత నీరుందో డబ్బాతో కొలవండి. నిమిషానికి 5 లీటర్లు వచ్చే కుళాయి అయితే 10 లీటర్లు ఉంటాయి. రోజుకి రెండుసార్లు తోముకుంటే 20 లీటర్లు. అదే ఒక గ్లాసుతో నీళ్ళు ముంచుకుని పుక్కిలిస్తే? పావు లీటరు చాలు.

మీలో చురుకైనవాళ్ళు ఈపాటికే అనేసి ఉంటారు, "అయితే పళ్ళు తోముకోవటం మానేస్తే భూమికి ఎంతో మేలన్నమాట!" అని. ఆగండి. లెక్కలో ఇది ఒక పేజీయే. పన్ను పుచ్చకుండా కాపాడుకోవటానికి అయ్యే ఖర్చు మాత్రమే చూశాం. పన్ను పుచ్చిపోతే అయ్యే ఖర్చు ఇంకా చూడలేదు.

పురుగు లేని పంటి పురుగు

పన్ను పుచ్చితే పెద్దవాళ్ళు "పురుగు తొలిచింది" అంటారు. నిజానికి అక్కడ పురుగూ లేదు, పుట్రా లేదు. మన నోట్లో కంటికి కనిపించని బాక్టీరియా కోట్లకొద్దీ ఉంటాయి. వాటిలో కొన్నింటికి చక్కెర అంటే మహా ప్రీతి. మనం తిన్న తీపిలోంచి పళ్ళకి అంటుకున్న ముక్కను అవి తిని ఆమ్లాన్ని విసర్జిస్తాయి. మన పన్ను పైనుండే పింగాణీ పొర శరీరంలో కెల్లా గట్టి పదార్థం, ఎముక కన్నా గట్టిది. అయినా ఆమ్లం దగ్గర దాని గట్టితనం పని చెయ్యదు. ఆమ్లం తగిలినప్పుడల్లా అందులోని కాల్షియమూ ఫాస్ఫేటూ కాస్త కాస్త కరిగిపోతాయి.

అదృష్టవశాత్తూ మన లాలాజలం మంచి తాపీమేస్త్రి. ఆమ్లాన్ని విరిచేసి, పోయిన కాల్షియాన్ని మళ్ళీ పూస్తుంది. అయితే ఆ మేస్త్రికి అరగంట సేపయినా వ్యవధి కావాలి. గంటకోసారి బిళ్ళో, చాక్లెట్టో చప్పరించేవాడి నోట్లో మేస్త్రి పని మొదలుపెట్టేలోగానే మళ్ళీ ఆమ్లం తయారు! గోడ కూలటమే తప్ప కట్టటం ఉండదు. అందుకని ఎంత తీపి తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం.

ఫ్లోరైడు ఈ మేస్త్రికి మంచి సిమెంటు లాంటిది. లాలాజలంలో ఫ్లోరైడు కొంచెం ఉంటే, తిరిగి కట్టుకున్న పింగాణీ పొర ముందటి కన్నా గట్టిగా ఆమ్లానికి ఎదురు నిలుస్తుంది. టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడు కలపటానికి కారణం ఇదే. దీని సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

పుచ్చాక ఏమవుతుంది?

పన్ను పుచ్చితే పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ "పోవటం" లోనే పెద్ద ఖర్చుంది! ఇంగ్లండులో ప్రభుత్వ దంతవైద్యం వల్ల గాలిలోకి ఎంత బొగ్గుపులుసు వాయువు చేరుతోందో 2013-14 సంవత్సరానికి లెక్క కట్టారు. ఏడాదికి సుమారు 6 లక్షల 75 వేల టన్నులకు సమానమని తేలింది. వేడిని పట్టి ఉంచి భూమిని కాగబెడుతున్న వాయువు ఇదేనని మీకు తెలుసు. అందులో హెచ్చు భాగం దేనివల్ల? పళ్ళు తొలిచే యంత్రాల వల్ల కాదు. మందుల వల్లా కాదు. దాదాపు మూడింట రెండు వంతులు ప్రయాణాల వల్ల! రోగులు కార్లెక్కి రావటం, డాక్టర్లూ నర్సులూ పనికి రాకపోకలు చెయ్యటం. పల్లె నుంచి పట్నానికి బస్సెక్కి పన్ను చూపించుకోవటానికి వెళ్ళినవారికి ఇది వింతగా తోచదు. మూడుసార్లు రమ్మంటే మూడు ప్రయాణాలు. పిల్లవాడు ఒక్కడే వెళ్ళలేడు గనక అమ్మో నాన్నో వెంట వెళ్ళాలి.

సరే, వెళ్ళాం. డాక్టరు పుచ్చిన భాగాన్ని తొలిచి "సిమెంటు" పెడతాడు. నూట యాభై ఏళ్ళకి పైగా లోకంలో ఎక్కువగా వాడిన సిమెంటు వెండి రంగులో ఉండే మిశ్రమం. దాన్ని అమాల్గం అంటారు. వెండి, తగరం, రాగి పొడులను పాదరసంతో కలిపితే ముద్దగా అయి కాసేపట్లో గట్టిపడుతుంది. బరువులో దాదాపు సగం పాదరసమే. పంటిలో కూర్చున్నంత కాలం అది పెద్దగా కదలదు. కాని పని చేసేటప్పుడు రాలిన పొడి కాలవలోకి పోతుంది. అటువంటి పన్ను ఉన్న మనిషి చనిపోయాక దహనం చేస్తే పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. చెరువుల, సముద్రాల అడుగు బురదలో ఉండే కొన్ని బాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసం అనే భయంకరమైన విషంగా మార్చగలవు. అది చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి, ఆ చేపలను తిన్న మనుషుల్లోకి చేరుతూ చిక్కబడుతుంది.

మిథైల్ పాదరసం ఏం చేస్తుందో లోకానికి జపాన్‌లోని మినమాట అనే ఊళ్ళో తెలిసింది. అక్కడి వ్యాధిని 1956లో గుర్తించారు. కారణం పళ్ళ సిమెంటు కాదు లెండి. ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన వ్యర్థం. అయినా ఆ ఊరి పేరుతోనే పాదరసం వాడకాన్ని తగ్గించటానికి 2013లో దేశాలన్నీ ఒక ఒడంబడిక చేసుకున్నాయి. అది 2017లో అమలుకి వచ్చింది. మన దేశం 2018లో అందులో చేరింది. 15 ఏళ్ళ లోపు పిల్లలకు పాదరసం సిమెంటు పెట్టకూడదని 2022లో ఆ ఒడంబడికకు ఒక షరతు చేర్చారు. ఇప్పుడు పిల్లలకు పంటి రంగులోనే ఉండే వేరే సిమెంట్లు పెడుతున్నారు. వాటిలో చాలా రకాలు ప్లాస్టిక్కు జాతివే అనుకోండి, అది వేరే కథ.

మరీ చిన్నపిల్లలైతే కుర్చీలో కుదురుగా కూర్చోరు. భయపడతారు. చాలా దేశాల్లో అటువంటి పిల్లలకు నైట్రస్ ఆక్సైడు పీల్పిస్తారు. దీన్నే "నవ్వించే వాయువు" అంటారు. హోరేస్ వెల్స్ అనే అమెరికా పళ్ళ డాక్టరు 1844లో దీన్ని పీల్చి, నొప్పి తెలియకుండా తన పన్ను తానే ఊడబెరికించుకున్నాడు. పిల్లవాడు హాయిగా ఉంటాడు, నిజమే. కాని గదిలోంచి బయటికి పోయిన ఆ వాయువు, అదే బరువు బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. నవ్వు మనకి, జ్వరం భూమికి!

ఇప్పుడు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టండి. ఒక పక్క ఏడాదికి నాలుగు బ్రష్షులు, కొన్ని ట్యూబులు. మరో పక్క ప్రయాణాలు, పాదరసం, నవ్వించే వాయువు, చేతి తొడుగులు, యంత్రాలకు కరెంటు. అన్నిటికీ మించి రాత్రంతా నిద్ర పోనివ్వని పోటు! పన్ను పుచ్చనివ్వకపోవటమే చవక, మనకీ భూమికీ కూడా. ఇందులో సందేహం లేదు. చిక్కల్లా తరవాతి ప్రశ్నతో వచ్చింది. పుచ్చకుండా చూసే పద్ధతులు చాలా ఉన్నాయి కదా, వాటిలో భూమికి తక్కువ భారమైనది ఏది?

మూడు పద్ధతుల పందెం

ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కాలేజీ, లండన్ యూనివర్సిటీ కాలేజీల పరిశోధకులు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. వారి ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఐదేళ్ళ పిల్లవాడు ఒకడిని తీసుకున్నారు. వాడి పళ్ళను ఏడాది పాటు కాపాడటానికి మూడు పద్ధతులను పోల్చారు. మొదటిది, బడిలో టీచరు ఎదుట పిల్లలందరి చేత ఫ్లోరైడు పేస్టుతో పళ్ళు తోమించటం. రెండోది, వైద్య సిబ్బంది బడికి వచ్చి పిల్లల పళ్ళకి ఫ్లోరైడు వార్నిషు పూయటం. బల్లకి వార్నిషు వేసినట్టే, చిన్న కుంచెతో! మూడోది, ఊరికంతా సరఫరా అయ్యే మంచినీళ్ళలోనే ఫ్లోరైడు రవంత కలపటం. ఐర్లండులో 1964 నుంచి ఈ పని చేస్తున్నారు. డబ్లిన్‌తో మొదలుపెట్టారు.

మూడింటికీ పుట్టుక నుంచి చావు దాకా లెక్క కట్టారు. అంటే బ్రష్షు అనగానే దాని ప్లాస్టిక్కు, అది వచ్చిన దూరం, తోముకోవటానికి వాడిన నీరు, చివరికి చెత్తలో దాని గతి, అన్నీ. వార్నిషు అనగానే దాని గొట్టం, కుంచె, చేతి తొడుగులు, నర్సమ్మ గారు బడికి వచ్చిన ప్రయాణం. భూమి వేడెక్కటం, నీటి వాడకం, నేల వాడకం వంటి 16 పద్దులు రాశారు. ఏది గెలిచిందో ఊహించండి చూద్దాం.

నీళ్ళలో ఫ్లోరైడు కలిపే పద్ధతే గెలిచింది. ఒక పద్దులో కాదు, 16 పద్దుల్లోనూ!

ఎందుకో మనమే ఒక ముతక లెక్క వేసి చూడవచ్చు. ఐర్లండులో లీటరు నీటిలో ఫ్లోరైడు 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాముల మధ్య ఉండేటట్టు కలుపుతారు. 0.7 అనుకుందాం. ఐదేళ్ళ పిల్లవాడు రోజుకి లీటరు నీరు తాగితే ఏడాదికి 365 లీటర్లు. అందులో ఉన్న ఫ్లోరైడు మొత్తం పావు గ్రాము! మనం లెక్క కట్టిన నాలుగు బ్రష్షుల బరువేమో 60 గ్రాములు. "కాని కుళాయి నీళ్ళు తాగటానికే కాదుగా, స్నానానికీ అంట్లు తోమటానికీ కూడా వాడతారు, ఆ నీళ్ళలోనూ ఫ్లోరైడు కలిపే ఉంటారుగా" అని మీరు అడగాలి. అడిగితే మెచ్చుకుంటాను. మనిషికి రోజుకి 150 లీటర్లు సరఫరా చేశారనుకున్నా ఏడాదికి ఫ్లోరైడు 40 గ్రాములు దాటదు. పైగా ఐర్లండులో కలిపేది ఫాస్ఫేటు ఎరువుల తయారీలో ఉపఫలంగా వచ్చే ఆమ్లం. దాన్ని పంచటానికి కొత్తగా గొట్టాలు వెయ్యక్కర్లేదు, కార్లెక్కి బడికి వెళ్ళక్కర్లేదు. నీళ్ళు ఎలాగూ వెళుతున్నాయి, వాటితో పాటు అదీ వెళుతుంది.

అలా అని ఆ పరిశోధకులు బ్రష్షులు పారెయ్యమనలేదు. బ్రష్షు చిగుళ్ళకి చేసే మేలు నీళ్ళు చెయ్యలేవు.

నీళ్ళలో ఫ్లోరైడు కలిపే పద్ధతి 1945 జనవరి 25న అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు గ్రాండ్ రాపిడ్స్ నగరంలో మొదలైంది. పదకొండేళ్ళు గడిచాక చూస్తే, ఆ తరవాత పుట్టిన పిల్లల్లో పుచ్చు పళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి. ఇప్పుడు అంత తేడా కనిపించటం లేదు. 1970 దశకం నుంచి ఫ్లోరైడు పేస్టులు ఇంటింటికీ వచ్చాయి గనక, నీళ్ళ వల్ల అదనంగా జరిగే మేలు చిన్నదేనని 2024లో పరిశోధనలన్నిటినీ సమీక్షించినవారు తేల్చారు. చిన్నదే కాని సున్నా కాదు. కెనడాలో కాల్గరీ నగరం 2011లో ఫ్లోరైడు కలపటం ఆపేసింది. అదే రాష్ట్రంలో ఉన్న ఎడ్మంటన్ ఆపలేదు. ఏడెనిమిదేళ్ళ తరవాత రెండో తరగతి పిల్లలను పరీక్షిస్తే, పాలపళ్ళు పుచ్చినవాళ్ళు ఎడ్మంటన్‌లో 100కి 55 మంది, కాల్గరీలో 65 మంది. కాల్గరీ 2025లో మళ్ళీ కలపటం మొదలుపెట్టింది. అదే ఏడాది అమెరికాలో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు ఫ్లోరైడు కలపటాన్ని చట్టం చేసి మరీ నిషేధించాయి! ఫ్లోరైడు ఎక్కువైతే కీడు చేస్తుందన్న భయం దీని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. ఎంతయితే ఎక్కువ అన్నదే అక్కడి తగువు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దాన్ని చూడటానికి మనం అమెరికా దాకా పోనక్కర్లేదు.

నల్లగొండలో అదే ఫ్లోరైడు

తెలంగాణలో నల్లగొండ జిల్లా పేరు వినగానే పెద్దవాళ్ళకి గుర్తుకొచ్చేది ఫ్లోరైడు. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో ఫ్లోరిను ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. వానలు తక్కువ. రాతి పగుళ్ళలో చేరిన నీరు ఏళ్ళ తరబడి అక్కడే నానుతూ ఖనిజాల్లోంచి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. నీళ్ళ కోసం బోర్లు లోతుకి వేసినకొద్దీ అటువంటి నీరే పైకి వచ్చింది. నీటిలో కలపటానికి ఐర్లండువారు కొలిచి కొలిచి 0.7 మిల్లీగ్రాములు వేస్తుంటే, ఇక్కడ కొన్ని ఊళ్ళ బోర్లలో 5 మిల్లీగ్రాములు దాటి కూడా ఉంది, ఎవరూ కలపకుండానే! తాగే నీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదనీ మన దేశపు ప్రమాణం.

ఎక్కువైతే ఏమవుతుంది? దవడ లోపల పళ్ళు తయారవుతున్న వయసులో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపు, ఈ నీళ్ళు తాగితే పళ్ళ మీద ముందు తెల్లటి, తరవాత పసుపు, గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. పన్ను లోపలి నుంచి వచ్చిన రంగు అది. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు పట్టుకుంటుంది. కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుం వంగిపోతుంది, కొందరు పిల్లలకు కాళ్ళు వంకరపోతాయి. మన దేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదనే. నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లో దీన్ని బయటపెట్టారు.

విచిత్రమేమిటంటే, ఫ్లోరైడు చేసే మేలును శాస్త్రజ్ఞులు కనిపెట్టిందే ఈ మచ్చల వల్ల. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ళ డాక్టరు 1901లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళకి చాక్లెట్ రంగు మచ్చలు. కారణం ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాడు మెకే. చూడగా చూడగా ఆ మచ్చల పళ్ళు పుచ్చటం అరుదని తేలింది! నీళ్ళలోనే ఏదో ఉందని ఆయన అనుమానం. అప్పటి రసాయన పరీక్షలకు అది చిక్కలేదు. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని వర్ణపట పరీక్ష చేసి అది ఫ్లోరైడని పట్టుకున్నాడు. తరవాత ట్రెండ్లీ డీన్ అనే ఆయన 21 ఊళ్ళలో ఏడు వేలకు పైగా పిల్లల పళ్ళు చూసి, లీటరుకి 1 మిల్లీగ్రాము దగ్గర పుచ్చు తక్కువ, మచ్చలూ దాదాపు ఉండవు అని తేల్చాడు. గ్రాండ్ రాపిడ్స్‌లో కలిపింది ఆ లెక్కనే.

నల్లగొండకు కావలసింది కలపటం కాదు, తియ్యటం. నాగపూరులో పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన చేసే నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు 1970 దశకంలో ఒక పద్ధతి తయారుచేశారు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు తగు పాళ్ళలో కలిపి, బాగా తిప్పి, తేరనివ్వాలి. పటికలోని అల్యూమినియం తెట్టులా విరిగి, ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతుంది. లోకమంతా దీన్ని "నల్లగొండ పద్ధతి" అనే పిలుస్తుంది. చవకైనది, పల్లెల్లో కూడా చెయ్యదగ్గది. అయితే అడుగున మిగిలిన మడ్డిని ఏం చెయ్యాలి? దాని నిండా ఫ్లోరైడే. ఊరి పక్కన పారబోస్తే వానకి మళ్ళీ నేలలోకే దిగవచ్చు. కొన్నాళ్ళకి అసలు బోరు నీళ్ళే వద్దని కృష్ణా నీటిని గొట్టాల్లో తెచ్చారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం కింద ఇంటింటికీ నది నీరు ఇవ్వటానికి పూనుకున్నారు. నది నీటిలో ఫ్లోరైడు తక్కువ. కాని నీరు ఎత్తు ఎక్కాలంటే పంపులు తిరగాలి, వాటికి కరెంటు కావాలి. ఈ ఖర్చంతా తప్పదు. వంగిన నడుం ముందు ఆ కరెంటు ఎంత? నా మటుకు నాకు అది దండుగ ఖర్చుగా తోచదు.

ఇప్పుడు డబ్లిన్ లెక్కను మళ్ళీ చూడండి. 16 పద్దుల్లో గెలిచిన పద్ధతి నల్లగొండలో అడుగు పెట్టటానికే వీల్లేదు. లెక్కలో తప్పు లేదు, కింద ఉన్న రాయి వేరు.

మరి మనం?

మన దేశంలో ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు కలిపే అలవాటు లేదు. కనక తోముకోవటమే మన దారి. అందులోనే భారం తగ్గించుకోవాలి. పేస్టు ప్రకటనల్లో బ్రష్షు ఈ చివరి నుంచి ఆ చివరికి కెరటంలా పేస్టు పెట్టి చూపిస్తారు చూడండి, అది అమ్ముకునేవారి కొలత. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. చిన్నపిల్లలు పేస్టు మింగేస్తారు గనక, ఫ్లోరైడు నీళ్ళున్న ఊళ్ళలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. ట్యూబు కూడా ఎక్కువ రోజులు వస్తుంది.

వేపపుల్ల సంగతేమిటి? పల్లెలో దానికి సాటి లేదు. నమిలి కుచ్చు చేసి తోముకుని పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. చక్కగా తోమితే పాచి పోతుంది. అయితే అందులో పేస్టులో ఉన్నంత ఫ్లోరైడు లేదు. అదీకాక హైదరాబాదులో కోటి మంది రోజూ తలా ఒక పుల్ల విరిస్తే రోజుకి కోటి పుల్లలు. వేపచెట్లు బోడి అయిపోవటానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఇక కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి లాంటి వాటితో తోమితే పాచితో పాటు పింగాణీ కూడా అరుగుతుంది.

బ్రష్షుల్లోనూ తేడాలున్నాయి. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో మామూలు ప్లాస్టిక్ బ్రష్షు, తల మాత్రం మార్చుకునే ప్లాస్టిక్ బ్రష్షు, వెదురు పిడి బ్రష్షు, కరెంటు బ్రష్షు, ఈ నాలుగింటినీ పోల్చారు. భూమిని వేడెక్కించటంలో కరెంటు బ్రష్షు వెదురుదాని కన్నా 11 రెట్లు ఎక్కువ. వెదురుదీ తల మార్చేదీ మామూలుదాని కన్నా నయం. కాని వెదురు పెంచాలన్నా నేల కావాలి మరి.

అన్నిటికన్నా పెద్ద పొదుపు తీపి దగ్గర ఉంది. చెరకు పెంచి కిలో చక్కెర చెయ్యటానికి ప్రపంచ సగటున సుమారు 1,800 లీటర్ల నీరు పడుతుంది. ఐదు గ్రాముల చక్కెర ఉన్న ఒక్క చాక్లెట్టుకి 9 లీటర్లన్నమాట. ఇందాక మీ బకెట్టులో పట్టిన నీటికి ఇంచుమించు సమానం! దాని పైన చుట్టిన కాగితం సరేసరి. తీపి అసలు తినవద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. పండగనాడు బూరెలు మానమని చెబితే మీ అమ్మమ్మ నన్ను ఊరుకోదు. కాని ఏది తిన్నా భోజనంతో పాటే తినెయ్యండి. రోజంతా జేబులోంచి తీసి చప్పరించకండి. తాపీమేస్త్రికి కాస్త వ్యవధి ఇచ్చినట్టవుతుంది.

మీ ఇంట్లో తాగేది బోరు నీళ్ళయితే ఇంకొక పని ఉంది. అందులో ఫ్లోరైడు ఎంతుందో నాలిక చెప్పలేదు. రంగు, రుచి, వాసన ఏవీ మారవు. గ్రామీణ నీటి సరఫరా విభాగంవారి ప్రయోగశాలల్లో దాన్ని పరీక్షిస్తారు. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే రెండుసార్లు తొలిచి, నింపి, మూత బిగించి, ఊరి పేరూ తేదీ రాసి, మీ మాస్టారి సాయంతో పంపించండి. కాగితం మీద వచ్చిన అంకె 1.5 దాటితే ఆ నీటిని స్నానానికీ బట్టలకీ ఉంచుకుని, తాగటానికీ వంటకీ వేరే నీరు చూసుకోవాలి. కాచి తాగితే పోతుంది కదా అనుకునేరు! కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి కాని ఫ్లోరైడు ఎక్కడికీ పోదు. నీరు కొంత ఆవిరై, ఉన్న ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.